విప్పుట - మరల బిగించుట



నేను 33 సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. సంధి విడదీయుట, సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుట, పద్యమునకు అన్వయము కుదుర్చుట, ఇవి నా విద్య. యంత్రశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అట్టివాడను నేడొక యంత్రమును విప్పి మరల బిగించిన విధమును మీకు చెప్పబూనుట కొంత సాహసమే. కాని ఆ పని నా కన్నుల యెదుట జరిగినది. దానివలన నేను నేర్చినది కొంత కలదు. పూర్వము నేను చేసిన తప్పొకటి ఆ రాత్రియే నాకు పూర్తిగా తెలిసినది. కావున చెప్పుచున్నాను.

మా పెద్దమ్మాయి కూతురు మా యింటనే యుండి, హైదరాబాదులోని యొక సంస్థకు పని చేయుచున్నది. చలనచిత్రములలో కనబడు కోటలు, సముద్రములు, మేఘములు మున్నగువానిలో పెక్కింటిని నేడు ఎవరును కట్టరు, ఎవరును పోయి ఫొటో తీయరు. కంప్యూటరు మీద కల్పింతురు. ఆ కల్పనలో కొంత భాగము ఆమెకు అప్పగింతురు. దృశ్యము పూర్తిచేసి పంపినప్పుడే సొమ్ము వచ్చును. గడువు దాటినచో ఆ పని మఱియొకరికి పోవును.

ఆమె వద్ద నున్నది పలుచని ల్యాప్‌టాపు. పలక వలె చంకన బెట్టుకొని పోదగినదే కాని, ఇంతటి బరువు పని దాని శక్తికి మించినది. ఏలయన, ప్రతి కంప్యూటరునకును ప్రాసెసరు అను ముఖ్య గణకుడొకడుండును. అది పూర్వపు గ్రామకరణము వంటిది. ఎంతటి చిక్కులెక్క నిచ్చినను తేల్చగలదు, కాని ఒక్కసారికి కొన్నింటిని మాత్రమే తేల్చగలదు. బొమ్మ కల్పించుట వేఱు విధమైన పని. తెరమీద లక్షలకొలది చుక్కలుండును. ఒక్కొక్క చుక్కకు రంగెంత, వెలుగెంత యని లెక్క కట్టవలెను. లెక్క చిన్నదే, కాని లక్షల లెక్కలు ఒక్కుమ్మడి జరుగవలెను. ఇది వరినాట్ల వంటిది. కరణముగారు ఒక్కరు మడిలో దిగినచో ప్రయోజనము లేదు. వరుసగా వంగి నాటు కూలీలు కావలెను. ఆ కూలీల గుంపే గ్రాఫిక్స్ కార్డు. దానిలోని ముఖ్యమైన చిప్పునకు జీపీయూ అను పేరును, 1999లో ఎన్విడియా యను అమెరికా సంస్థ తన జిఫోర్స్ 256 కార్డుతో ప్రచారములోనికి తెచ్చినది.

ఈ కార్డు పెద్దది, మిక్కిలిగా కరెంటు త్రాగునది, మిక్కిలిగా వేడి పుట్టించునది. పలుచని ల్యాప్‌టాపులో దానికి చోటు లేదు. కావున దానిని వేఱొక లోహపు పెట్టెలో నుంచి, ఆ పెట్టెకు వేఱుగా కరెంటు ఇచ్చి, ఒక తీగతో ల్యాప్‌టాపునకు కలుపుదురు. దీనినే బయటి గ్రాఫిక్స్ కార్డు డాకింగ్ పెట్టె యందురు. నేనిక 'పెట్టె' అనియే చెప్పెదను. ఆ తీగ పేరు థండర్‌బోల్టు, అనగా పిడుగు. ఇంటెల్, యాపిల్ సంస్థలు కలిసి 2011లో దానిని లోకమునకు తెచ్చినవి. 2015లో ప్రకటింపబడిన మూడవ తరము థండర్‌బోల్టు సెకనుకు 40 గిగాబిట్లను, అనగా 4000 కోట్ల సంకేతములను మోయగలదు. ఆ తీగయే ల్యాప్‌టాపునకు కరెంటును కూడ అందింపగలదు.

పోయిన వేసవిలో మా పెట్టె మొరాయించినది. పని మొదలుపెట్టిన పావుగంట వఱకు బాగుగనే నడచును. తరువాత బొమ్మ తడబడును, తెర నల్లబడును, పెట్టె ల్యాప్‌టాపుతో సంబంధము తెంచుకొనును. అరగంట ఊరకుండి మరల మొదలిడినచో మరల పావుగంటయే. గడువు నాలుగు దినములలో నున్నది. పట్టణములోని యొక దుకాణమునకు తీసికొని పోయితిమి. అచ్చటివారు దానిని విప్పనైనను విప్పక, ఇట్టివి బాగుపడవనియు, క్రొత్తది కొనవలసినదేననియు చెప్పిరి. క్రొత్తదాని వెల ఆమె మూడు నెలల సంపాదన.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట ఆమె వసారాలో తెల్లని దుప్పటి పరచి, పెట్టెను దానిపై నుంచి, స్క్రూడ్రైవరు చేత బట్టుకొన్నది. నాకు కోపము వచ్చినది. "తెలిసినవారే కాదన్న పనిని నీవు చేసెదవా? ఉన్నది కూడ పోవును" అంటిని. ఆమె, "తాతగారూ, వారు కాదన్నది చూడకుండ. చూచి కాదనుకొన్నచో నాకు విచారము లేదు. గ్యారంటీ గడువు కూడ తీరినది, విప్పినందువలన పోవునదేమియు లేదు" అని, ఒక కాగితము తీసి దానిపై పెట్టె ఆకారమును గీచినది. ఏ మూల స్క్రూ తీసిన, బొమ్మలో ఆ మూలనే దానిని అంటింపవలెననియు, ప్రక్కన వరుస సంఖ్య వేయవలెననియు చెప్పి, పెన్సిలు నా చేతికిచ్చినది. ఆ కాగితమును చూచినంతనే నా నోరు ఆగిపోయినది. ఎందుకో పిదప చెప్పెదను.

మొదట ఆమె చేసిన పని విప్పుట కాదు. ల్యాప్‌టాపును ఆపినది. గోడనుండి కరెంటు తీగను ఊడదీసినది. థండర్‌బోల్టు తీగను తీసినది. అటుపిమ్మట పెట్టె లోహపు ఒడలిని చేతితో తాకినది. ఇది యెందులకని యడిగితిని. మన దేహమున బట్టల రాపిడివలన కొంత విద్యుత్తు నిలిచియుండునట. అది చిటుక్కుమని మన చర్మమునకు తెలియవలెనన్నను సుమారు 3000 వోల్టులు కావలెను. అంతకు ఎంతో తక్కువైనను, మనకు తెలియకుండగనే, సున్నితమైన చిప్పులను చెఱచును. లోహమును తాకినచో ఆ విద్యుత్తు అందులోనికి పోవును. శుచియై గ్రంథమును ముట్టవలెనని మా గురువుగారు చెప్పెడివారు. ఇచ్చటను అట్టి నియమమొకటి యున్నదని తెలిసికొంటిని.

వెనుకనున్న నాలుగు స్క్రూలు తీయగా పై తొడుగు సొరుగు వలె జారి వచ్చినది. లోపల మూడు వస్తువులున్నవి. ఒక ప్రక్క కరెంటును మార్చి యిచ్చు పవర్ సప్లై, అది తనంత తానొక మూసిన పెట్టె. అడుగున పచ్చని సర్క్యూటు పలక. ఆ పలకలో నాటినట్లు నిలిచియున్నది గ్రాఫిక్స్ కార్డు. వీనితోపాటు వేడిగాలిని వెలుపలికి నెట్టుటకు పెట్టె వెనుక గోడకొక ఫ్యాను.

కార్డును తీయుటకు ఒక క్రమము కలదు. పవర్ సప్లై నుండి దానికి వచ్చు తీగల కొనను ఎనిమిది రంధ్రముల ప్లగ్గున్నది. దాని మీది చిన్న కొక్కెమును నొక్కి ప్లగ్గును పట్టి తీయవలెను గాని, తీగలను పట్టి లాగరాదు. కార్డు కూర్చున్న గాడి 75 వాట్ల వఱకును, ఈ ప్లగ్గు 150 వాట్ల వఱకును కరెంటు ఇచ్చుటకు నిర్ణయింపబడినవి. పిదప కార్డును పెట్టె గోడకు బిగించిన రెండు స్క్రూలు. పిదప గాడి చివరనున్న గడియ. ఈ గడియను మఱచి లాగినవారు గాడినే విఱుతురట. అన్నియు వదలిన పిమ్మట కార్డును నిట్టనిలువుగా పైకి తీసినది.

అప్పుడు గాడిని నాకు చూపినది. అందులో 164 చిన్న లోహపు స్పర్శలున్నవి. సంకేతములు నడచుటకు ఆ గాడి 16 బాటలకు సరిపడు పొడవున్నది. కాని పెట్టెనుండి ల్యాప్‌టాపునకు పోవు థండర్‌బోల్టు తీగ నాలుగు బాటలను మాత్రమే మోయగలదు. కావున పలకమీద నాలుగు బాటలనే కలిపియున్నారు. వెలుపలినుండి చూచువానికి ఇది తెలియదు. పదునాఱు బండ్లు నడచు రాజమార్గము చివర నాలుగు బండ్ల వంతెనయే యున్నట్లు. మఱి ఈ పెట్టె వలన లాభమేమనగా, నాట్లు వేయుట యంతయు మడిలోనే జరుగును. వంతెన మీద పోవలసినది నారుమోపులు, కబుర్లు మాత్రమే. పని లోపల ఎక్కువగను, రాకపోకలు తక్కువగను ఉన్నప్పుడు నష్టము కొంచెమే. రాకపోకలు ఎక్కువైనచో నష్టము తెలియును.

ఇక రోగమెక్కడ నున్నదో చెప్పెదను. మా యింటికి రెండు ఫర్లాంగుల దూరమున ప్రత్తి జిన్నింగు మిల్లు కలదు. ప్రత్తి వచ్చు నెలలలో మా గాలిలో నూగు తేలుచుండును. ఆ నూగు పెట్టె వెనుక ఫ్యాను ఇరుసునకు చుట్టుకొని, ఫ్యానును కదలకుండ బిగియబట్టినది. కార్డు మీద అల్యూమినియపు రేకులు దువ్వెన పండ్ల వలె దగ్గర దగ్గరగా నుండును. చిప్పు వేడిని అవి పుచ్చుకొని గాలికిచ్చును. ఆ రేకుల సందులలో నూగు, దుమ్ము కలిసి కంబళి వలె పేరుకొన్నవి. వేసవిలో కంబళి కప్పుకొని పరుగెత్తు మనిషి వలె ఆ కార్డు ఇన్ని దినములు పనిచేసినది. 80, 90 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు వేడి చేరినప్పుడు ఇట్టి చిప్పు తన వేగమును తానే తగ్గించుకొనును. ఇంకను పెరిగినచో తన్ను తాను రక్షించుకొనుటకై ఆగిపోవును. అనగా మేము రోగమనుకొన్నది రోగము కాదు, ఆత్మరక్షణము. యంత్రము చెడలేదు. ఊపిరాడక నిలిచిపోయినది.

మెత్తని రంగుకుంచెతో ఆమె నూగును దువ్వి తీసినది. తడిగుడ్డ ముట్టనీయలేదు. గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుకొన్నది. లేనిచో రెక్కలు మితిమీరిన వేగమున తిరిగి ఇరుసు చెడవచ్చునట. వెనుక ఫ్యాను చుట్టలను చిన్న పటకారుతో ఒక్కొక్కటిగా లాగినది. ఇదంతయు రెండు గంటల పని. తీసిన నూగు గుప్పెడైనది.

అప్పుడు నాకు ఉత్సాహము కలిగినది. "ఆ పవర్ సప్లైలో కూడ ఫ్యానున్నది, అందులోను నూగుండును. దానిని కూడ విప్పరాదా?" అంటిని. ఆమె స్క్రూడ్రైవరును క్రింద పెట్టినది. "దానిని విప్పను, తాతగారూ" అని కారణము చెప్పినది. మన యింటికి వచ్చు కరెంటు 230 వోల్టులనుచున్నాము. అది అలవలె లేచి పడునది. ఆ అల శిఖరము సుమారు 325 వోల్టులు. పవర్ సప్లైలోని కెపాసిటరు ఆ విద్యుత్తును కుండలో నీరు వలె నిలువచేయును. కొన్నింటిలో అది 400 వోల్టుల దాపునకు పోవును. గోడనుండి తీగ నూడదీసినను ఆ నిలువ వెంటనే పోదు. తాకిన మనిషి ప్రాణము పోవచ్చును. కావున దాని జాలిమీద పైపైన కుంచె ఆడించి విడిచిపెట్టినది. అట్లే చిప్పు మీది రేకుల దిమ్మెను కూడ ఊడదీయలేదు. ఆ రెంటి నడుమ వేడిని దాటించు లేపనముండును. దిమ్మెను కదిపినచో పాతది తుడిచి క్రొత్తది పూయవలెను. అది మా యింట లేదు. "వేయుటకు లేనిదానిని తీయను" అన్నది.

పెద్దలారా, ఈ మాట నాకు నా శాస్త్రములోని మాట వలెనే వినబడినది. వ్యాఖ్యాతకు మొదటి పని పదచ్ఛేదము. కాని విడదీయుటయే పాండిత్యము కాదు. సంధి లేనిచోట విడదీసినవాడు అర్థమును చంపును. విడదీసి అన్వయము చెప్పలేనివాడు పద్యమును ముక్కలు చేసినవాడే యగును. ఎచ్చట విడదీయవలెనో, ఎచ్చట ఆగవలెనో, ఏ వరుసలో కూర్చవలెనో, ఈ మూడును తెలిసినవాడే విప్పుట కధికారి. ఈ నియమమును నేను తరగతిలో వేలసారులు చెప్పితిని. మా మనుమరాలు స్క్రూడ్రైవరుతో చెప్పినది.

బిగించుట విప్పిన వరుసకు సరిగా విలోమము. నేను కాగితమును చూచి సంఖ్యలను చదువుచుంటిని, ఆమె బిగించుచున్నది. తుదకు తొడుగు మూసిన పిమ్మట ఒక స్క్రూ కాగితముమీద మిగిలినది. రాత్రి రెండు గంటలైనది. "ఒక్కటి పోయిన నేమి, పడుకొనుము" అంటిని. ఆమె అంగీకరింపలేదు. అది లోహపుది, లోపల ఎచ్చటనో వదులైన భాగము కదలవచ్చును, దీని తోడిది జారి పలకమీద పడినచో తీగలు కలిసిపోవును అని, తొడుగు మరల తీసినది. అది కార్డును గోడకు పట్టియుంచు రెండవ స్క్రూ. దాని సంఖ్యను నేనే దాటి చదివితిని. దానిని బిగించి, మూసి, అప్పుడు తీగలు పెట్టినది.

పావుగంట గడచినది. అరగంట గడచినది. తెర నల్లబడలేదు. వేడిని చూపు అంకె 70 దాటలేదు. తెల్లవారువఱకు అది పనిచేయుచునే యున్నది. దృశ్యము గడువులోపల చేరినది. వెనుక ఫ్యాను కొంచెము గురగురలాడుచుండుటచే, కొలతకు సరిపోవు 12 వోల్టుల ఫ్యానును తెప్పించి తరువాతి వారము మార్చినది. దాని వెల ఒక బస్తా బియ్యపు వెలలో నాలుగవ వంతైనను లేదు.

ఇక ఆ కాగితము సంగతి. 1989లో నేనొక గ్రామములోని ఉన్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. అచ్చట ఒక రేడియో యుండెను. ఆకాశవాణి ప్రసారము చేయు పాఠములను పిల్లలకు వినిపించుటకై దానిని కొనిరి. ఒకనాడది మూగపోయెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మధ్యాహ్న విరామమున, ఎవరితోను చెప్పక, దానిని విప్పెను. నేను గదిలోనికి పోవుసరికి రేడియో వీపు ఊడి బల్లమీద నుండెను. దాని ప్రక్కన బాలుడు నోటుపుస్తకపు కాగితము పరచి, స్క్రూలను వరుసగా పేర్చి, ఒక్కొక్క దాని క్రింద పెన్సిలుతో అంకె వేసియుండెను. ఆ అంకెలను నేను చూచితిని. చూచియు బెత్తము తీసితిని. కొట్టిన పిమ్మట, బల్లమీద నున్నదంతయు ఒక్క చేతితో ఊడ్చి డబ్బాలో పోసి, ఆ కాగితమును చింపివేసితిని.

పట్టణమునుండి వచ్చిన రిపేరువాడు, ఒకటి రెండు భాగములు కనబడుట లేదని చెప్పి పోయెను. అవి నేను ఊడ్చినప్పుడు పోయినవని ఎవరును అనలేదు, నేనును అనలేదు. బాలుడే పాడుచేసినాడని తీర్మానమైనది. వాని తండ్రి వ్యవసాయ కూలీ. రేడియో వెలలో సగము నాలుగు వాయిదాలలో చెల్లించెను. మరుసటి యేడు బాలుడు బడికి రాలేదు.

ఆ బాలుడు గోడనుండి తీగ నూడదీసెనో లేదో నేనడుగలేదు. ఏమి కనుగొన్నాడో అడుగలేదు. నా మనుమరాలు చేసిన పనియే అతడు చేసెను. ఆమెకు నేను పెన్సిలు పట్టితిని, అతనికి బెత్తము పట్టితిని. ఆమె నా యింటి పిల్ల యగుటయే భేదమా యని ఆ రాత్రి నన్ను నేను అడిగికొంటిని. సమాధానము నాకు రుచింపలేదు.

మీ యిండ్లలోను ఇట్టి యంత్రములు, ఇట్టి పిల్లలు ఉందురు. నా మనవి యిది. పిల్లవాడు దేనినైన విప్పబోయినప్పుడు కసరుకొనక నాలుగు ప్రశ్నలడుగుడు. కరెంటు తీగ నూడదీసితివా? గ్యారంటీ గడువు తీరినదా? వరుస వ్రాసికొనుచున్నావా? ఎచ్చట ఆగవలెనో తెలియునా? నాలుగింటికిని సమాధానమున్నచో, ప్రక్కన కూర్చుండి దీపము పట్టుడు. కరెంటు నిలువయుండు మూసిన పెట్టెలను మాత్రము, తెలిసినవారు లేనిచో, ఎవరిని ముట్టనీయకుడు. బాగుచేయించుకొను హక్కును గూర్చి మన కేంద్రప్రభుత్వము 2022లో ఒక పోర్టలు తెఱచినది. కొన్ని సంస్థలు తమ వస్తువుల మరమ్మతు వివరములను అందులో ఉంచినవి. నిజముగ చచ్చిన యంత్రమును పెంటమీద వేయకుడు, కాల్పకుడు. ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన క్రొత్త నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. వానిని నమోదైన శుద్ధిశాలలకు చేర్చు బాధ్యతను అవి తయారీదారులపై నుంచినవి.

రేడియోలో మాటాడుమని నన్ను పిలిచినప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది, ఆ బల్లమీద వీపు ఊడియున్న రేడియోయే. ఆ బాలుడు నేడు ఏబదియేండ్ల వాడైయుండును. ఎచ్చట నున్నాడో నాకు తెలియదు. ఈ మాటలు అతని చెవిని బడినచో, లేక అతని నెఱిగినవారెవరైన వినుచున్నచో, ఒక్క సంగతి అతనికి చేరవలెను. నాయనా, నీ వరుస సరిగనే యుండినది. దానిని చెఱిపినవాడను నేను.

సెలవు.